సభలో ఉన్నవారు, సభలో లేనివారు: దేవదాసి చట్టాల తేదీలూ పేర్లూ

మద్రాసు రాష్ట్రంలో దేవదాసి విధానాన్ని చట్టం ఎప్పుడు నిషేధించింది? ఈ చిన్న ప్రశ్నకు వాడుకలో ఉన్న పుస్తకాల్లో, స్మారక వ్యాసాల్లో మూడు సంవత్సరాలు కనిపిస్తాయి: 1929, 1930, 1947. మూడింటికీ ఏదో ఒక ఆధారం ఉంది. అయితే ఆ మూడూ ఒకే సంఘటనకు ఆధారాలు కావు. 1929లో జరిగింది దేవాదాయ చట్టానికి సవరణ. 1930లో వచ్చింది బిల్లు మాత్రమే, అది చట్టం కాలేదు. ఆడపిల్లను గుడికి ముడుపు కట్టడమే నేరమని చెప్పిన చట్టం 1947 నాటి 31వ చట్టం. తేదీ తేడాను పండితుల పట్టింపుగా కొట్టిపారేయవచ్చు. కానీ 1929ని చట్టం పుట్టిన సంవత్సరంగా తీసుకుంటే, సభలోకి ఒక స్త్రీ అడుగుపెట్టగానే రెండేళ్లలో పని అయిపోయిందన్న కథ నిలుస్తుంది. 1947ని తీసుకుంటే ఆ కథలో దాదాపు 18 ఏళ్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ఎవరున్నారన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

వాదం మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త అవసరం. దేవదాసి అన్న మాట తెలుగు నేల మీద అన్నిచోట్లా ఒకే అర్థంలో చెల్లినది కాదు. గోదావరి జిల్లాల్లో కలవంతులు, భోగంవారు, విశాఖపట్నం వైపు నాగవాసులు, కూర్మాపులు, కొన్నిచోట్ల సానులు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన కులాల సంపుటాల్లో ఈ పేర్లు వేర్వేరుగా నమోదయ్యాయి. రాయలసీమ బసివి, చిత్తూరు మాతమ్మ, పాలమూరు జోగిని వీరికి చాలా దూరం. కులం వేరు, ఆస్తి వేరు, ముడుపు తంతు వేరు. ఈ తేడా వ్యాసం చివర మళ్లీ అవసరమవుతుంది.

1. ఆసనం ఎలా వచ్చింది

1919 నాటి భారత ప్రభుత్వ చట్టం స్త్రీలకు ఓటు ఇవ్వలేదు, నిరాకరించనూ లేదు. ఆ నిర్ణయాన్ని రాష్ట్ర శాసనసభలకు వదిలేసింది. మద్రాసు శాసనమండలి 1921 ఏప్రిల్ 1న స్త్రీ అన్న కారణంతో ఉన్న అనర్హతను తొలగించాలని తీర్మానించింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ఇది మొదటిదని సాధారణంగా అంగీకరిస్తారు. కొన్ని పుస్తకాల్లో ఇదే 1920 అని పడింది. మండలికి ఎన్నికలు జరిగిన సంవత్సరాన్నీ తీర్మానం చేసిన సంవత్సరాన్నీ కలిపేయడం వల్ల ఈ పొరపాటు వచ్చి ఉండవచ్చు. ఓటు హక్కు ఆస్తికీ పన్నుకూ ముడిపడి ఉండేది కనుక ఆచరణలో అది దక్కిన స్త్రీలు బహు కొద్దిమంది.

అప్పటికి దక్కింది ఓటే, సభ్యత్వానికి అర్హత కాదు. ఆ అర్హత 1926కు గాని రాలేదు. ఆ ఏడు మద్రాసు మండలికి పోటీ చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ స్వల్ప తేడాతో ఓడిపోయారు. తేడా 55 ఓట్లని ఎక్కువ కథనాలు చెబుతాయి, మరికొన్ని వేరే అంకెలు ఇస్తాయి. స్వల్పమనడంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఎన్నికల దారి అలా మూసుకుపోయాక నామినేషన్ దారిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి సభలోకి వచ్చారు. ఆమె పేరును ముందుకు తెచ్చినది 1917లో అడయారులో పుట్టిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్. ఆమె ప్రవేశానికి 1926 అనీ 1927 అనీ రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. నియామకమూ సభలో కూర్చోవడమూ వేర్వేరు రోజులు కావడం దీనికి కారణమని ఊహించవచ్చు.

ఆమెను భారతదేశపు మొదటి మహిళా శాసనసభ్యురాలు అని రాయడం పరిపాటి. ఇక్కడ కూడా ఒక సవరణ తప్పదు. తిరువాన్కూరు సంస్థానంలో డాక్టర్ మేరీ పున్నెన్ లూకోస్ అంతకుముందే శాసనమండలికి నియమితులయ్యారు. కనుక బ్రిటిష్ ఇండియాలో మొదటివారు అనడమే భద్రం. ఇద్దరూ వైద్యులే కావడం, ఇద్దరూ నియామకంతోనే రావడం గమనించదగినవి. ప్రభుత్వం నమ్మదగిన స్త్రీ అంటే ఆ కాలపు పాలకుల మనసులో ఏ రూపు మెదిలేదో ఈ రెండు నియామకాలు కొంత చెబుతాయి.

నియామకానికి ఒక ఫలితం ఉంటుంది. ఎన్నికైన సభ్యుడికి నియోజకవర్గం ఉంటుంది, వచ్చేసారి అడగడానికి ఓటర్లు ఉంటారు. నియమిత సభ్యురాలికి ఉండేది ఒక వర్గం: స్త్రీలు. ఆ వర్గంలో ఎవరెవరు లెక్కకు వస్తారన్నది ఆమె, ఆమెను పంపిన సంస్థ, నియమించిన గవర్నరు కలిసి తేల్చుకోవలసిన సంగతి. అణగారిన కులాల తరఫున ఎం.సి. రాజా వంటివారు అదే మండలిలోకి అదే దారిన వచ్చారు. స్త్రీలకు ఒక కుర్చీ, పంచములకు కొన్ని కుర్చీలు. రెండు వర్గాలకూ చెందిన స్త్రీ ఏ కుర్చీ లెక్కలోకి వస్తుందన్న ప్రశ్నకు ఆ ఏర్పాటులో చోటు లేదు.

2. సభలో స్త్రీ లేని రోజుల్లో

సభలో స్త్రీ ఉండటమే విధానాన్ని మార్చిందని చెప్పాలంటే, లేనప్పుడు ఏం జరిగిందో ముందు చూడాలి. కందుకూరి వీరేశలింగం భోగం మేళాలకు వ్యతిరేకంగా రాయడం 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లోనే మొదలైంది. 1893లో మద్రాసు హిందూ సంఘ సంస్కరణ సభవారు వైస్రాయికీ గవర్నరుకూ మహజరు పంపారు: మేజువాణీ పెట్టే విందులకు దొరలు హాజరు కావద్దని. ఇద్దరూ ఒప్పుకోలేదు. తాము చూసినంతవరకు వాటిలో అనుచితమేదీ లేదన్న ధోరణిలో జవాబు వచ్చింది. తర్వాతి కాలంలో బందరు, కాకినాడల్లో రఘుపతి వెంకటరత్నం నాయుడు ఈ ప్రచారాన్ని నిష్ఠగా నడిపారు.

ఈ దశలో అభ్యర్థన మగవారిది, జవాబు మగవారిది, విందు కూడా మగవారిదే. అడిగినది చట్టం కాదు, మర్యాద. మేజువాణీ మానడం పెద్దమనిషి లక్షణమని చెప్పడమే ఉద్యమం. ఆడే మనిషి బతుకు ఏమవుతుందన్నది చర్చలో పక్క విషయం. ఈ డొల్లతనాన్ని ఆ రోజుల్లోనే పట్టుకున్నవాడు గురజాడ. 1892లో ఆడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి రాసిన కన్యాశుల్కంలో యాంటీ నాచ్చి (మేజువాణీ వ్యతిరేక) మాటను గిరీశం నోట పెట్టడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. నాటకాన్ని చరిత్రకు సాక్ష్యంగా నిలబెట్టలేం. సమకాలికులకు ఆ ఉద్యమం ఎలా కనిపించిందో చెప్పేందుకు మాత్రం అది పనికొస్తుంది.

సభలో స్త్రీ లేకుండానే రాజ్యం జోక్యం చేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. మైసూరు సంస్థానం 1909లో ముజరాయి ఆలయాల్లో దేవదాసి కైంకర్యాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మైనరు బాలికలను వ్యభిచారానికి అమ్మడాన్ని శిక్షించే 372, 373 సెక్షన్లు 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉన్నాయి. 1924లో వాటిని సవరించారు. కనుక సభలో స్త్రీ లేకపోతే చట్టమే రాదన్న బలమైన వాదం నిలవదు. మిగిలేది బలహీనమైన వాదం: ఏ రకమైన చట్టం, ఎవరి మాటల్లో, ఎప్పుడు అన్న వాటిని ఆమె ఉనికి మార్చి ఉండవచ్చు.

3. 1927 నవంబరు

1927 నవంబరులో ముత్తులక్ష్మి రెడ్డి మండలిలో తీర్మానం పెట్టారు. హిందూ దేవాలయాలకు బాలికలను, యువతులను ముడుపు కట్టే ఆచారాన్ని ఆపేందుకు ప్రభుత్వం చట్టం చేయాలని దాని సారాంశం. తీర్మానం నెగ్గింది. ఆ ఏడే ఆమె ఉపాధ్యక్ష స్థానానికి ఏకగ్రీవంగా ఎన్నికై ఉన్నారు.

ఈ విజయానికి కారణాలను విడదీసి చూడటం అంత తేలిక కాదు. కనీసం నాలుగు సంగతులు ఒకే సమయంలో కలిశాయి. మొదటిది, సభలో ఆమె ఉండటం. రెండోది, 1927లోనే వెలువడిన కేథరిన్ మేయో పుస్తకం మదర్ ఇండియా. గుడి పిల్లల ప్రస్తావనతో సహా ఆ పుస్తకం రేపిన అవమానం సంస్కర్తలను కదిలించిందనడంలో సందేహం లేదు గానీ, తీర్మానానికి అదే మూలమని చెప్పేంత బలం ఆ వాదానికి లేదు. మూడోది, దేవాలయ ఆస్తులపై అప్పటికే సాగుతున్న శాసన ప్రక్రియ. జస్టిస్ పార్టీ పాలనలో వచ్చిన హిందూ దేవాదాయ చట్టం 1925లో మొదటిసారి, 1927లో మారిన రూపంలో అమలుకు వచ్చింది. గుడి మాన్యాల లెక్క అడిగే అధికారం ప్రభుత్వానికి అప్పుడే కొత్తగా చేతికొచ్చింది. నాలుగోది, సభ బలాబలాలు. 1926 ఎన్నికల్లో స్వరాజ్య పార్టీకి ఎక్కువ స్థానాలు వచ్చినా మంత్రివర్గంలో చేరలేదు. డాక్టర్ పి. సుబ్బరాయన్ స్వతంత్ర మంత్రివర్గం నిలిచింది. నియమిత సభ్యుల మద్దతు ఆ మంత్రివర్గానికి అవసరం. అలాంటి సభలో నియమిత సభ్యురాలి మాటకు మామూలు కన్నా ఎక్కువ బరువు ఉండి ఉండవచ్చు.

ఈ నాలుగింటిలో మూడోది చాలా కథనాల్లో చాలినంత ప్రాధాన్యం పొందలేదని తోస్తుంది. కారణం, మొదట చట్టంగా మారినది ముడుపు నిషేధం కాదు, మాన్యం సవరణ.

4. మాన్యం మీద సవరణ

1929 నాటి 5వ చట్టం దేవాదాయ చట్టంలో 44-ఎ సెక్షనును చేర్చింది. ఇది చేసినది ఏమిటో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక గుడికి చెందిన సాని ఇంటికి రెండెకరాల మాన్యం ఉందనుకుందాం. దానికి బదులు ఆమె చేయవలసిన సేవల్లో కుంభహారతి ఒకటి. సాయం సేవ ముగిశాక చిన్న కుండ మీద వత్తి వెలిగించి స్వామికి దిష్టి తీయడం. నిత్య సుమంగళి చేతి దీపం కనుక ఆ పని మరొకరు చేయరాదు. సేవ ఆగితే మాన్యం పోతుంది. ఆమె ముసలిదైతే, సేవ కొనసాగాలంటే, ఇంట్లో మరో పిల్లకు ముడుపు కట్టాలి. కడుపున పుట్టిన కూతురు లేకపోతే పెంచుకోవాలి. అంటే పిల్లను గుడికి కట్టేది భక్తి ఒక్కటే కాదు, ఆ రెండెకరాల పట్టా కూడా.

44-ఎ ఈ ముడిని తెంచింది. సేవ చేయాలన్న షరతు తీసేసి, మాన్యాన్ని అనుభవిస్తున్నవారికే ఉంచే ఏర్పాటు చేసింది. నేరం అని ఎవరినీ అనలేదు, ఎవరినీ జైలుకు పంపలేదు. సామాజిక విధానంగా చూస్తే, తర్వాత వచ్చిన శిక్షా చట్టం కన్నా ఇది తెలివైన పని అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. భూమి ఉన్న ఇళ్లకు ఇది నిజమైన విముక్తి అయి ఉండవచ్చు.

దీనికి ఎదురు వాదం కూడా ఉంది. అమృత్ శ్రీనివాసన్ 1985లో ప్రచురించిన వ్యాసం తర్వాత పరిశోధకులు ఎత్తి చూపుతున్న సంగతి ఒకటి. ఈ ఇళ్లలో ఆస్తి కూతుళ్లకు దిగేది, ఇంటి పెత్తనం పెద్ద స్త్రీది. గుడి సేవ పోయాక ఆ ఇళ్లలోని మగవారు, అంటే నట్టువనార్లు, నాదస్వర విద్వాంసులు, కొత్త కుల సంఘాల ద్వారా గౌరవమూ పెత్తనమూ పొందారు. ఆ మగవారి సంఘాలు సంస్కరణను సమర్థించడానికి ఇది కారణమని వాదన. ఇది ప్రధానంగా తమిళ జిల్లాల ఆధారాల మీద నిలిచిన వాదన. గోదావరి జిల్లాల కలవంతుల్లో జీవనం గుడి కన్నా మేళాల మీద ఎక్కువగా నడిచింది కనుక దీనిని ఇక్కడికి యథాతథంగా తెచ్చి అతికించడం సాహసమే. మాన్యం లేని మేళగత్తెకు 44-ఎ ఇచ్చినది ఏమీ లేదు.

5. మహజరు పంపినవారు

1927 తీర్మానం తర్వాత మద్రాసు దేవదాసీలు సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి మహజర్లు పంపారు. వాటి ప్రధాన వాదన సూటిగా ఉంది: తాము వ్యభిచారిణులం కాము, దైవ కైంకర్యానికి అంకితమైనవారం, తమలో కొందరు దారి తప్పితే ఆ పేరుతో మొత్తం వృత్తినీ రద్దు చేయడం న్యాయం కాదు, తమకు విద్య కావాలి. ఈ సంఘానికి బెంగుళూరు నాగరత్నమ్మ నాయకత్వం వహించారని కొన్ని కథనాలు, ఆమె ప్రముఖ సభ్యురాలు మాత్రమేనని మరికొన్ని సూచిస్తాయి. ఆమె ఆ పక్షాన నిలిచారన్నది మాత్రం వివాదం లేని విషయం.

నాగరత్నమ్మ పేరు దగ్గర కాస్త ఆగాలి. ముద్దుపళని కావ్యం రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి వావిళ్లవారి ద్వారా 1910లో అచ్చు వేయించింది ఆమె. 1911లో ప్రభుత్వం దానిని అశ్లీలమని నిషేధించింది. కొన్ని రచనల్లో ప్రచురణకూ 1911 అనే ఉంటుంది. నిషేధ సంవత్సరం ప్రచురణ సంవత్సరాన్ని మింగేసినట్టు కనిపిస్తుంది. ముద్దుపళనిని వీరేశలింగం వేశ్య అని, ఆ కావ్యంలో స్త్రీలు వినరాని సంగతులున్నాయని అంతకుముందే రాసి ఉన్నారు. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా అన్నది నాగరత్నమ్మ పీఠికలోని ప్రశ్న సారాంశం. స్వాతంత్ర్యం నాటికి టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగిందని, 1952లో పుస్తకం మళ్లీ వచ్చిందని స్థూలంగా చెప్పవచ్చు.

ఈ ప్రస్తావన దారి తప్పడం కాదు. 1893లో మహజరు పెట్టిన వర్గం, 1911లో పుస్తకం ఆపించిన అభిరుచి, 1927లో తీర్మానం నెగ్గించిన భాష, ఈ మూడింటి మధ్య చుట్టరికం ఉంది. మూడింటిలోనూ కలవంతురాలి గురించి మాట్లాడినవారు ఎక్కువ, ఆమెతో మాట్లాడినవారు తక్కువ. నాగరత్నమ్మ రాయగలదు, అచ్చు వేయించగలదు, తిరువయ్యూరులో త్యాగరాజు సమాధి కట్టించగలదు. సభలో ఓటు వేసే కుర్చీ మాత్రం ఆమెకు దొరికేది కాదు.

అలాగని ముత్తులక్ష్మి రెడ్డిని బయటి మనిషిగా నిలబెట్టడమూ పొరపాటే. ఆమె 1886లో పుదుక్కోట్టైలో పుట్టారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసి కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కళాశాల ప్రిన్సిపాలు. ఆ ఇంటి తలుపు లోపలి వైపు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అయితే ఆమె ఆ మహజర్లను బాధితుల మాటగా గాక, ఆచారం వల్ల లాభపడేవారి మాటగా చూశారు. ముడుపు కట్టిన చిన్నపిల్ల మహజరు రాయదు కదా అన్నది ఆ వైఖరి వెనుక ఉన్న తర్కం. అది తోసిపుచ్చదగిన తర్కం కాదు.

అదే కులంలో పుట్టి సంస్కరణ వైపు నిలిచినవారు ఇంకా ఉన్నారు. తెలుగు వైపు యామినీ పూర్ణతిలకం మద్రాసులో యువతుల కోసం శరణాలయం నడిపారు. తమిళ వైపు మూవలూరు రామామృతం అమ్మాళ్ 1936లో ఇదే విషయంపై నవల రాశారు. కాబట్టి దేవదాసీలు వ్యతిరేకించారు, స్త్రీ నాయకులు సమర్థించారు అన్న విభజన నిలవదు. గీత కులాల మధ్య కాదు, ఒకే కులం లోపల ఉంది.

ఇక్కడే ఒక ప్రసిద్ధ కథను పక్కన పెట్టవలసి ఉంది. బిల్లును వ్యతిరేకించిన ఎస్. సత్యమూర్తి దేవదాసి విధానాన్ని సమర్థిస్తే, అయితే ఇకపై మీ ఇంటి ఆడపిల్లలను గుడికి పంపండి అని సభలో ఎవరో గట్టిగా బదులిచ్చారని చెబుతారు. ఆ మాట ముత్తులక్ష్మి రెడ్డిదని కొందరు, రామామృతం అమ్మాళ్‌దని కొందరు, పెరియార్ సలహా అని ఇంకొందరు. రామామృతం అమ్మాళ్, పెరియార్ ఆ మండలిలో సభ్యులే కారు. ఒకే చురకకు ముగ్గురు కర్తలున్నప్పుడు దానిని చాటువుల జాబితాలో వేసుకోవడం మేలు. అయినా ఒక సంగతిని అది భద్రపరిచింది: ఎవరింటి పిల్ల అన్న ప్రశ్నే ఈ చర్చకు కీలకమని జనానికి తెలుసు.

6. 1930 నుంచి 1947 దాకా

ముడుపునే నేరం చేసే బిల్లును ముత్తులక్ష్మి రెడ్డి 1930లో తెచ్చారు. బిల్లు ప్రజాభిప్రాయానికి వెళ్లింది. అదే ఏడు గాంధీ అరెస్టుకు నిరసనగా ఆమె సభ్యత్వానికి రాజీనామా చేశారు. తెచ్చినవారు లేని సభలో బిల్లు మురిగిపోయింది. ఒకే ఒక్క కుర్చీ మీద ఆనిన ప్రాతినిధ్యం ఎంత పెళుసో దీనికన్నా స్పష్టమైన సాక్ష్యం దొరకడం కష్టం. బొంబాయి రాష్ట్రం 1934లో తన చట్టం చేసుకుంది. ముందు మొదలుపెట్టిన మద్రాసు వెనకబడింది.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1937లో ఏర్పడిన మద్రాసు శాసనసభలో 215 స్థానాలు. స్త్రీలకు 8, అణగారిన కులాలకు పూనా ఒప్పందం మేరకు 30 కేటాయించారు. ఒక్క కుర్చీ ఎనిమిది అయింది గనుక చట్టం త్వరగా రావాలి. రాలేదు. దీనికి తేలికైన కారణం ఒకటుంది: 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది, 1946 దాకా గవర్నరు పాలన. కానీ 1937 జులై నుంచి 1939 అక్టోబరు దాకా రెండేళ్లకు పైగా మంత్రివర్గం ఉంది. ఆ వ్యవధిలో మద్యనిషేధం మొదలైంది, ఆలయ ప్రవేశానికి చట్టం వచ్చింది. దేవదాసి బిల్లు మాత్రం చట్టం కాలేదు. కనుక అంకె పెరగడానికీ ఫలితం రావడానికీ మధ్య సూటి సంబంధం ఈ ఉదాహరణలో కనిపించదు.

ఇంకొక చిన్న గమనిక. 1927లో ముత్తులక్ష్మి రెడ్డి, 1937లో రుక్మిణీ లక్ష్మీపతి, 1946లో తెలుగువారైన అమ్మన్నరాజా. ముగ్గురూ మద్రాసు సభలో కూర్చున్నది రెండో కుర్చీలో, అంటే ఉపాధ్యక్ష లేక ఉపసభాపతి స్థానంలో. యాదృచ్ఛికమే కావచ్చు. మూడుసార్లు జరిగిన యాదృచ్ఛికం.

చివరకు చట్టం 1947లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ మంత్రివర్గ కాలంలో వచ్చింది. 1927లో ముఖ్యమంత్రిగా ఉన్న సుబ్బరాయన్ ఈ మంత్రివర్గంలో మంత్రి. తీర్మానం నాడూ చట్టం నాడూ అధికారంలో ఉన్న ఒక మగ మనిషి ఉన్నాడన్నమాట.

7. చట్టంలో పేర్లు

1947 చట్టంలో ముడుపు నిషేధం అందరూ చెప్పే భాగం. అంతగా చదవని భాగం మరొకటి ఉంది. మేళంలో పాడినా ఆడినా ఆ స్త్రీ వేశ్యావృత్తిలో చేరినట్టేనని, ఆమెకు చెల్లే పెళ్లి లేదని భావించే ఆచారాన్ని అది రద్దు చేసింది. ఆ ఆచారం ఉన్న కులాలను ఉదాహరణగా పేరుపేరునా చెప్పింది: భోగం, కలవంతుల, సాని, నాగవాసులు, దేవదాసి, కూర్మాపులు. ఆరు పేర్లలో అయిదు తెలుగు జిల్లాలవి. ఉద్యమం అడయారులో, నాయకురాలు పుదుక్కోట్టై నుంచి, చట్టంలో పేర్లు మాత్రం రాజమండ్రి, విశాఖపట్నం వైపువి. తెలుగు జిల్లాల్లో సమస్య గుడి కన్నా మేళంతో ముడిపడి ఉండటం ఒక కారణం కావచ్చు. వీరేశలింగం, వెంకటరత్నం నాయుడు మొదలు 1921లో కాకినాడలో గాంధీ కలవంతుల స్త్రీలను కలిసిన ఘటన దాకా ఇక్కడ దశాబ్దాల పాటు ఈ పేర్లు పత్రికల్లో, సభల్లో నలుగుతూ ఉండటం మరో కారణం కావచ్చు. నిందతోనైనా సరే, ఈ పేర్లు చదువుకున్నవారి నోళ్లలో నానాయి.

ఆ జాబితాలో లేని పేర్లు: బసివి, మాతమ్మ. ఇవి హైదరాబాదు సంస్థానంలోవి కావు. బసివి ఆచారం బళ్లారి, అనంతపురం, కర్నూలు జిల్లాలది. మగ సంతానం లేని ఇంట కూతురిని దేవుడికి విడిచి, ఆమెకు కొడుకు హక్కులు ఇవ్వడం గురించి 19వ శతాబ్ది చివరి నుంచే నమోదులున్నాయి. మాతమ్మ ఆచారం చిత్తూరు జిల్లాది. రెండూ మద్రాసు రాష్ట్రంలోనివే, రెండూ 1947 చట్టం పరిధిలోనివే. పేరు లేనంత మాత్రాన చట్టం వర్తించదని కాదు, ముడుపు నిషేధం హిందూ స్త్రీలందరికీ వర్తిస్తుంది. అయినా ఆచారం కొనసాగింది.

ఈ ఆధారం ఒక సులువైన వివరణకు అడ్డుపడుతుంది. తెలంగాణలో జోగిని ఆచారం మిగిలిపోవడానికి మద్రాసు చట్టం నిజాం సంస్థానానికి వర్తించకపోవడమే కారణమని అనడం మామూలు. మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాల వరకు ఆ మాట నిజమే. కానీ చట్టం ఉన్న చిత్తూరులోనూ మాతమ్మ మిగిలింది. సరిహద్దు ఒక్కటే చెప్పలేని దానిని కులం చెబుతుందేమో చూడాలి. కలవంతుల ఇంట చదువు ఉంది, సంగీతం ఉంది, కొందరికి మాన్యం ఉంది, మద్రాసులో మహజరు రాయించే వకీలు తెలిసినవారున్నారు. మాతమ్మ, జోగిని సాధారణంగా దళిత కుటుంబాల పిల్లలు. జబ్బు చేసిన ఆడపిల్లను బతికిస్తే నీకే విడుస్తామని అమ్మవారికి మొక్కుకుని తాళి కట్టించే ఇంట్లో రద్దు చేయడానికి మాన్యమూ లేదు, సేవకు రాసిన పట్టా లేదు, సంఘమూ లేదు. అణగారిన కులాలకు కేటాయించిన 30 స్థానాలు, స్త్రీలకు కేటాయించిన 8 స్థానాలు ఒకే సభలో ఉన్నప్పుడు కూడా ఈ పిల్ల రెండు లెక్కల మధ్య జారిపోయిందని అనుమానించడానికి ఆస్కారం ఉంది. అనుమానమే, చట్టపు పాఠంలో పేరు లేకపోవడం దానికి ఉన్న సాక్ష్యం.

1956లో రాష్ట్రాలు కలిశాక కూడా రెండు ప్రాంతాలకూ చెల్లే ఒకే చట్టం వెంటనే రాలేదు. 1980లలో గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య పని చేశారు. వర్నిలో చెల్లి నిలయం ఆ పనిలో భాగం. ఆమె శాసనసభ్యురాలు కారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, 1988లో, ఆంధ్రప్రదేశ్ దేవదాసి ముడుపు నిషేధ చట్టం 10వ చట్టంగా వచ్చింది. దాని పాఠాన్ని 1947 చట్టం పక్కన పెట్టి చదివితే కులాల పేర్లున్న చోట ఆచారాల పేర్లు కనిపిస్తాయి. భోగం, కలవంతుల, సాని అన్న పాత వరుస లేదు. జోగిని ఉంది, బసివి ఉంది, మాతమ్మ ఉంది.